ఒకే స్లైడ్‌లో మాగ్మా క్వార్ట్జ్, వేడినీటి క్వార్ట్జ్: ఎలా గుర్తుపట్టాలి?

రాళ్లసంచి:
ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నా. అమెరికాలోని యూటా, బింగమ్ కాన్యన్ రాగి గని నుంచి వచ్చిన పోర్ఫిరీ రాయి (సన్నటి ముద్దలో పెద్ద గింజలున్న మాగ్మా రాయి) మీద ప్రాజెక్ట్. దాన్ని కోస్తూ ఓ క్వార్ట్జ్ సిర, అంటే పగులులో నిండిన పలుగురాయి చార, పోతోంది. పాత అగ్నిపర్వతం కింద మాగ్మా (కరిగిన రాయి) గడ్డకట్టిన దశా, తర్వాత వేడి ద్రవాలు పారిన దశా రెండూ ఇందులోనే ఉన్నాయని సార్ అన్నారు. నాకు అంతా ఒకేలా కనిపిస్తోంది. టెన్షన్‌గా ఉంది.

పలుగురాయి:
తమ్ముడూ, గింజల లోపల ఏం చిక్కుకుందో చూడు. మామూలు 30 మైక్రాన్ల మందం స్లైడ్ చాలదు, రెండు వైపులా పాలిష్ చేసిన మందపాటి ముక్క అడుగు. మాగ్మాలో పెరిగిన గింజలో గాజు చుక్కలుంటాయి, చిక్కుకున్న మాగ్మాయే అలా గడ్డకడుతుంది. సిరలో ఐతే ద్రవపు చుక్కలు. నేను మొదట చూసిన చుక్కలో ఓ బుడగ, దాన్ని ఆనుకుని పాచికలా నలుచదరంగా ఉప్పు పలుకు! గది వేడిలో అలా ఉప్పు పేరుకుందంటే ఆ ద్రవంలో ఉప్పు 26 శాతం దాటినట్టే.

మాగ్మా పైకొచ్చే కొద్దీ ఒత్తిడి తగ్గి, అందులో కరిగి ఉన్న నీరు క్లోరిన్‌నీ రాగినీ వెంటేసుకుని బయటపడుతుంది. ఇంకా పైకి వెళ్లాక చిక్కటి ఉప్పునీరుగా, ఆవిరిగా విడిపోతుంది. అందుకే ఉప్పు చుక్కల పక్కనే దాదాపు అంతా బుడగే ఉన్న చుక్కలూ దొరుకుతాయి.

నల్లరేగడి:
పైన అన్నది నిజమే, కానీ ఒక జాగ్రత్త. గింజ అంచులు దాటి గీత గీసినట్టు వరసగా పోయే చుక్కల్ని నమ్మకు. అవి తర్వాతెప్పుడో పగిలి అతుక్కున్న చోట చిక్కినవి. నేను మూడు నెలలు అవే కొలిచి, మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది.

వీలుంటే కేథోడోల్యూమినిసెన్స్ (ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు ఖనిజం ఎలా వెలుగుతుందో చూసే పరీక్ష) చేయించు. ఎక్కువ వేడిలో పెరిగిన క్వార్ట్జ్‌లో టైటానియం ఎక్కువ, అది వెలుగుతుంది. చల్లబడ్డాక వచ్చింది మసగ్గా ఉంటుంది. బింగమ్‌లో వెలిగే క్వార్ట్జ్ కొంత కరిగిపోయి, ఆ మసక క్వార్ట్జ్‌తో పాటే రాగి చేరింది. మామూలు మైక్రోస్కోప్‌లో ఇది ఎంత వెతికినా కనబడదు.

గూడూరు_అభ్రకం:
మా ఊరి పెగ్మటైట్లు (చాలా పెద్ద గింజలుండే మాగ్మా రాళ్లు) అగ్నిపర్వతం కిందవి కావు గానీ, అక్కడా మాగ్మా చివరి దశలో నీరు పోగైన కథే. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంలో క్వార్ట్జ్ అక్షరాల్లా అల్లుకున్న ముక్కలు చిన్నప్పుడు ఏరుకునేవాళ్లం.

రాళ్లసంచి:
థాంక్స్ అన్నా, అందరికీ. ఇవాళ మందపాటి ముక్క వచ్చింది. సిర అంచున ఉప్పు పలుకున్న చుక్క దొరికింది. హీటింగ్ స్టేజ్ (మైక్రోస్కోప్ కింద ముక్కను వేడిచేసే పీట) మీద ముందు ఉప్పు కరిగింది, తర్వాత బుడగ ముడుచుకుంటూ మాయమైంది. పెద్ద గింజలో గాజు చుక్క కోసం ఇంకా వెతుకుతున్నా.