చేయలేదన్నాడా, చేయనన్నాడా? రిఫ్యూజ్ అనే క్రియ గురించి

రిఫ్యూజ్ అన్న మాటకి నిఘంటువులో నిరాకరించు, తిరస్కరించు అని ఉంటాయి. తప్పు కాదు. కానీ 'పాప పాలు తాగడానికి నిరాకరించింది' అని ఏ తల్లీ అనదు, 'తాగనంటోంది' అంటుంది. నా లెక్కలో రిఫ్యూజ్‌కి అసలైన తెలుగు ఇదే: రానన్నాడు, ఇవ్వనంది, సంతకం పెట్టనన్నారు. ఇంకా మాటలే రాని పసిబిడ్డను కూడా మనం 'అంటోంది' అంటాం చూడండి, ఎంత బాగుందో!

'డిడ్ నాట్ గో' అంటే వెళ్ళలేదు, అంతే. మరిచిపోయాడేమో, జ్వరమేమో. 'రిఫ్యూజ్డ్ టు గో' అంటే ఎవరో వెళ్ళమన్నారు, లేదా వెళ్తాడనుకున్నారు, అతనే వెళ్ళనన్నాడు. అందులో పట్టుదల ఉంది.

చాలామంది తడబడేది డినై దగ్గర. ఓ కుర్రాడి నోట్‌బుక్‌లో 'హి డినైడ్ టు టేక్ ద మనీ' అని చూశాను. వాడికి వ్యాకరణ సూత్రమేదీ చెప్పలేదు. "తీసుకోలేదన్నాడా, తీసుకోనన్నాడా?" అని అడిగాను. "తీసుకోనన్నాడు" అన్నాడు. అయితే రిఫ్యూజ్! జరిగినదాన్ని కాదంటే 'లేదన్నాడు', అది డినై. చేయాల్సినదాన్ని కాదంటే 'నన్నాడు', అది రిఫ్యూజ్. వాడు వెంటనే దిద్దుకున్నాడు. అందుకే రిఫ్యూజ్ తర్వాత 'టు' వస్తుంది కానీ 'దట్' రాదు, క్రియకి 'ఇంగ్' చేర్చి వాడటమూ కుదరదు. ఒక్క మెలిక ఉంది: దక్కాల్సింది దక్కనివ్వకపోతే రెండూ చెల్లుతాయి. లోపలికి రానివ్వకపోతే 'రిఫ్యూజ్డ్ ఎంట్రీ', 'డినైడ్ ఎంట్రీ' రెండూ సరైనవే.

డిక్లైన్ మర్యాద మాట, మన 'వీలుపడదండీ' లాంటిది. రిజెక్ట్ అంటే చేతికొచ్చినదాన్ని పనికిరాదని పక్కన పెట్టడం.

వస్తువులకీ రిఫ్యూజ్ వాడతారు. బిగుసుకుపోయిన తలుపుని ఎంత లాగినా రాకపోతే 'ద డోర్ రిఫ్యూజ్డ్ టు ఓపెన్' అంటారు. దీనికి మన దగ్గర 'మొరాయించింది' అనే చక్కటి మాట ఉండగా, 'తలుపు తెరుచుకోవడానికి నిరాకరించింది' అని రాసే అనువాదాలు చూస్తే బాధేస్తుంది.

అన్నట్టు, అవే అక్షరాలతో ఇంకో మాట ఉంది, రెఫ్యూస్. మొదటి అక్షరాన్ని ఒత్తి, చివర 'స్' అని పలకాలి. దానర్థం చెత్త.

ఇక 'ఫ్లాట్లీ రిఫ్యూజ్డ్'కి ససేమిరా ఉండనే ఉంది. పాత కథలో ఓ రాజకుమారుడు, తనను కాపాడిన ఎలుగుబంటికే ద్రోహం చేసి మతి తప్పుతాడు. ఎవరేం అడిగినా 'ససేమిరా' అనే నాలుగక్షరాలే జవాబు. అవి నాలుగు శ్లోకాల మొదటి అక్షరాలు. ఆ కథలో నిరాకరణ లేదు, ఎంత అడిగినా మారని జవాబు మాత్రం ఉంది. 'ససేమిరా ఒప్పుకోనన్నాడు' అన్నప్పుడు మనకు వినిపించేది అదే.