కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూసీకి మారడం: హెచ్-4 మీద ఉన్న మా అమ్మాయికి సరిపోతుందా?

ప్రశ్న: ఫ్రీమాంట్ వాసి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ జూన్‌లో హైస్కూలు పూర్తి చేస్తోంది. కంప్యూటర్ సైన్స్ చదవాలన్నది తన కోరిక. దరఖాస్తు చేసిన యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలో ఆ శాఖలో సీటు రాలేదు. సీటిచ్చిన వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయానికి పంపాలంటే వసతితో కలిపి అయ్యే ఖర్చు మా శక్తికి మించినది. మేము ఇంకా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద, అమ్మాయి కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద ఉండి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నాం కనుక ఫెడరల్ ఆర్థిక సహాయం తనకు వర్తించదు.

ఇంటికి దగ్గరలో ఉన్న ఓలోనీ అనే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, మూడో ఏట యూసీకి మారతానని అమ్మాయే ముందుకొచ్చింది. బంధువులు మాత్రం అడిగినవారందరికీ సీటిచ్చే చోట చదువేం ఉంటుందని నిరుత్సాహపరుస్తున్నారు. అక్కడ బోధన ఎలా ఉంటుంది? యూసీకి మారడం నిజంగా సాధ్యమేనా? వీసా వల్ల చిక్కులేమైనా వస్తాయా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: లెక్కల మాస్టారు

ఫ్రీమాంట్ వాసి గారూ, నేను బే ఏరియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం పూట కాల్‌క్యులస్ చెబుతాను కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబిస్తాను.

అందరికీ ప్రవేశం ఇవ్వడం ఈ రాష్ట్రం తెలిసి తెలిసి చేసుకున్న ఏర్పాటు. 1960 నాటి మాస్టర్ ప్లాన్‌లో, హైస్కూలు పూర్తిచేసినవారిలో పై ఎనిమిదో వంతు యూసీకి, పై మూడో వంతు స్టేట్ కాలేజీలకు అర్హులని, చదువుకుని ప్రయోజనం పొందగల ఎవరికైనా జూనియర్ కాలేజీల్లో (ఇప్పటి కమ్యూనిటీ కాలేజీల్లో) చోటుండాలని నిర్ణయించారు. జూనియర్ కాలేజీల్లో రెండేళ్లు ముగించినవారికి పై తరగతుల్లో ఖాళీలు ఉండేలా చూడాలని కూడా అందులోనే రాసుకున్నారు. అంటే మీ అమ్మాయి ఎంచుకుంటున్నది దొడ్డిదారి కాదు, ప్రభుత్వం వేసిన రాజమార్గమే. ఇప్పుడు రాష్ట్రంలో ఇలాంటి కాలేజీలు 116 ఉన్నాయి. స్థానికులకు ఫీజు యూనిట్‌కు (కోర్సు పరిమాణానికి కొలత) 46 డాలర్లు. 60 యూనిట్లకు లెక్కవేస్తే రెండేళ్లకు 2,760 డాలర్లు; పుస్తకాలూ, చిన్న చిన్న ఫీజులూ అదనం.

ప్రవేశం సులభమైనంత మాత్రాన పాఠం సులభం కాదు. నా తరగతిలో ముప్ఫై, నలభై మంది ఉంటారు. పెద్ద విశ్వవిద్యాలయంలో ఇదే పాఠాన్ని వందలమంది కూర్చున్న హాలులో చెప్పి, లెక్కలు చేయించడం పరిశోధక విద్యార్థులకు వదిలేయడం మామూలు. ఇక్కడ జవాబు పత్రాలు నేనే దిద్దుతాను కనుక, ఎవరు చైన్ రూల్ దగ్గర లోపలి ఫంక్షన్‌ను డిఫరెన్షియేట్ చేయడం మరిచిపోతున్నారో నాకు పేరుపేరునా తెలుసు. పగలంతా ఆసుపత్రిలో పనిచేసి వచ్చే నర్సు, సైన్యం నుంచి తిరిగివచ్చిన యువకుడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు ఒకే బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేస్తారు. వయసులో పెద్దవారు సిగ్గుపడకుండా ప్రశ్నలు అడుగుతారు; వారిని చూసి పిల్లలూ నోరు విప్పుతారు. మీ అమ్మాయికి అలాంటి తరగతి దొరకాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

జవాబు: డేవిస్ తండ్రి

మా అబ్బాయి ఈ దారిలోనే యూసీ డేవిస్‌కు వెళ్లాడు. అతని పట్టా మీద యూసీ పేరే ఉంది. మారడం సాధ్యమే, కానీ మొదటి సెమిస్టర్ నుంచే లక్ష్యం పెట్టుకుని కోర్సులు ఎంచుకున్నవారికి.

ముందుగా అసిస్ట్ వెబ్‌సైటు తెరిచి, ఓలోనీలో ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో చూడండి. కంప్యూటర్ సైన్స్‌కు కాల్‌క్యులస్ వరుస, లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్స్, డేటా స్ట్రక్చర్స్ వంటివి సాధారణంగా అడుగుతారు. ఫిజిక్స్ కొన్ని క్యాంపస్‌లు అడుగుతాయి, కొన్ని అడగవు. ఒక కోర్సును ఏడాదిలో ఒక్క సెమిస్టర్‌లోనే పెట్టడం, తగినంతమంది చేరకపోతే రద్దు చేయడం ఏ కాలేజీలోనైనా జరగవచ్చు. అప్పుడు హేవర్డ్‌లోని ఛాబో కాలేజీలో గానీ, క్యుపర్టినోలోని డి ఆంజాలో గానీ ఆ కోర్సు తీసుకోవచ్చు. అయితే డి ఆంజాది క్వార్టర్ పద్ధతి (ఏడాదికి మూడు చిన్న టర్ములు), ఓలోనీది సెమిస్టర్ పద్ధతి (ఏడాదికి రెండు). అక్కడి ఒక యూనిట్ ఇక్కడి మూడింట రెండు వంతులతో సమానం, పైగా కాల్‌క్యులస్ వంటి వరుస కోర్సును సగం ఒకచోట, సగం మరొకచోట చదివితే మధ్యలో కొంత పాఠం జారిపోతుంది. ఏ వరుసనైనా మొదలుపెట్టిన కాలేజీలోనే ముగించడం మేలు.

ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ పథకాన్ని అందరూ ‘టాగ్’ అంటారు. అది డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లలో ఉంది. బర్కిలీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియాగోలకు లేదు. ఏదో ఒక్క క్యాంపస్‌కే, సెప్టెంబరులో దరఖాస్తు చేయాలి. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్ శాఖలను కొన్ని క్యాంపస్‌లు ఈ గ్యారంటీ నుంచి మినహాయించాయి కనుక ఆ ఏటి పట్టిక తప్పక చూడండి. గ్యారంటీ లేనిచోట మామూలు పోటీలో నిలవాలి, మంచి మార్కులు కావాలి. ఇంకొక్క మాట: హాస్టల్ జీవితం, మొదటి ఏడాదే ప్రొఫెసర్ల దగ్గర పరిశోధన చేసే అవకాశం ఇక్కడ దొరకవు. మావాడికి మొదట్లో ఆ వెలితి బాగా తెలిసింది.

జవాబు: వరుసలో ఉన్నవాళ్లం

వీసా గురించి చెబుతాను, ఎందుకంటే మీ విషయంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

హెచ్-4 మీద ఉన్నవారు ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారకుండానే పూర్తికాలం చదువుకోవచ్చు. తల్లిదండ్రులు ఏడాదికి పైగా కాలిఫోర్నియాలో స్థిరంగా ఉంటే స్థానిక ఫీజుకు అర్హత కోరవచ్చు. కాలేజీవారు అద్దె ఒప్పందం, పన్ను కాగితాలు వంటివి అడుగుతారు. అమ్మాయికి 21 ఏళ్లు నిండగానే హెచ్-4 పోతుంది. ఆలోగా గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్-1కు మారాలి, ఎఫ్-1 మీద ఉన్నవారిని స్థానికులుగా లెక్కించరు. ఇప్పుడు చేరితే ఆ గడువు సరిగ్గా డిగ్రీ మూడో సంవత్సరం, అంటే యూసీకి మారే ప్రాంతంలో పడుతుంది. స్థానికేతరులకు యూసీ వేసే అదనపు ఫీజే ఏడాదికి ముప్ఫై వేల డాలర్లకు పైగా ఉంటుంది. ఆ భారాన్ని ఈ రోజే లెక్కలోకి తీసుకోండి. 2002 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం కింద, మీ గ్రీన్ కార్డు పిటిషన్ పరిశీలనలో ఉన్న కాలాన్ని ఆమె వయసు నుంచి తగ్గిస్తారు. అది మీకెంతవరకు ఉపయోగపడుతుందో ఇమ్మిగ్రేషన్ లాయర్‌నే అడగండి.

హెచ్-4 మీద ఉన్న పిల్లలు జీతానికి పనిచేయరాదు. తోటి విద్యార్థులు వేసవిలో ఇంటర్న్‌షిప్‌లకు వెళ్తుంటే చూస్తూ ఊరుకోవడం పిల్లలకు బాధగా ఉంటుంది. ఇది ఆమెకు ముందే చెప్పండి.

జవాబు: నల్లకుంట

బంధువుల మాటకు సమాధానంగా ఒక్క సంగతి. మన దగ్గర 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు కూడా ఇవే మాటలన్నారు. ఇంటర్ చదవనివారు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అక్కడ దొరికింది. ఉద్యోగం చేస్తూ ఆదివారం తరగతులకు వెళ్లి పట్టా పుచ్చుకున్న గుమాస్తాలనూ, టీచర్లనూ మన ఇళ్లలోనే చూశాం. వారి చదువును తక్కువచేసి మాట్లాడటం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

ఫ్రీమాంట్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. వయసు గడువు సంగతి మేమింతగా ఆలోచించలేదు. లాయర్‌తో మాట్లాడి, ఆ తరువాత అమ్మాయిని తీసుకుని కాలేజీ కౌన్సెలర్‌ను కలుస్తాం. లెక్కల మాస్టారు గారూ, తను హైస్కూల్లో ఏపీ (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాల్‌క్యులస్ పరీక్ష రాసింది. మళ్లీ మొదటి నుంచి చదవాలా?

లెక్కల మాస్టారు

పరీక్షలో వచ్చిన స్కోరును బట్టి మొదటి కోర్సుకు మినహాయింపు దొరకవచ్చు. స్కోరు పత్రం, హైస్కూలు మార్కుల జాబితా కౌన్సెలర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి. మినహాయింపు దొరికినా, మారదలచిన క్యాంపస్ దానిని ఆ శాఖకు ఒప్పుకుంటుందో లేదో విడిగా అడగండి. రెండో కాల్‌క్యులస్‌లోకి నేరుగా వెళ్లేట్లయితే, ఈ వేసవిలో ఇంటిగ్రేషన్ లెక్కలు రోజూ కొన్ని చేయించండి. ఆ కోర్సు మొదటి వారం నుంచే వాటితో నడుస్తుంది.