పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి కుటుంబ ప్రార్థనకు బలవంతంగా కూర్చోబెట్టాలా?

ఒంగోలు అమ్మ:
అందరికీ వందనాలు. మా ఇంట్లో రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి కుటుంబ ప్రార్థన, మా అత్తగారి కాలం నుంచీ ఉంది. ఒక కీర్తన, ఒక అధ్యాయం, తర్వాత వంతులవారీగా ప్రార్థన. మా పెద్దోడు రెండు నెలలుగా రానంటున్నాడు. వాక్యం ఒప్పజెప్పకపోతే అన్నం పెట్టొద్దని మా ఆయన పంతం. నిన్న వాడు నిజంగానే తినకుండా పడుకున్నాడు, వాడి కంచం మీద మూత అలాగే ఉంది, నాకు రాత్రంతా నిద్ర లేదు. బలవంతపెట్టాలా, వదిలేయాలా?

రిటైర్డ్ టీచర్:
వదలొద్దమ్మా. బడికి పోనంటే ఊరుకుంటామా? ఇంట్లో కూర్చున్నా, దారిలో నడుస్తున్నా, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలకు చెప్పమని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఉంది, వాళ్లకి ఇష్టమైతేనే చెప్పమని లేదు. పోయినేడు నాకు గుండె ఆపరేషన్ అయింది. మత్తు ఇచ్చే ముందు నోటికొచ్చింది 23వ కీర్తనే, అది మా నాన్న కూర్చోబెట్టి కంఠస్థం చేయించింది.

మియాపూర్ బ్రదర్:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆ అధ్యాయంలో అన్నం ఆపమని కూడా లేదు. పిల్లలకు కోపం రేపొద్దని తండ్రులకే చెప్పాడు పౌలు, ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలో. మా నాన్న వాక్యం తప్పు చెప్తే కొట్టేవాడు, ఇల్లు వదిలి హాస్టల్‌కి వెళ్లిన రోజు నుంచి పదకొండేళ్లు నేను చర్చి గడప తొక్కలేదు. మళ్లీ వెళ్లానంటే మా నాయనమ్మ వల్ల. ఆవిడకి చదువు రాదు. తెల్లవారుజామున లేచి, మూసి ఉన్న బైబిలు మీద చెయ్యి పెట్టి మా అందరి పేర్లూ ఒక్కొక్కటే చెప్పేది, నేను మానేసిన ఏళ్లలో కూడా నా పేరు అదే వరసలో ఉండేదని మా అత్త చెప్పింది. 1878 జూలై 3న, ఒంగోలు అమెరికన్ మిషనరీ క్లౌ దొర కాలంలో, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా, వాళ్లలో ఎక్కువమంది చదువు అందని మాదిగలే. వాళ్లు పిల్లలకు విశ్వాసం ఇచ్చింది తాము బతికి చూపించే.

టెక్సాస్ అక్క:
చిన్న మాట. అసలు వాడికి మన బైబిల్లో తెలుగు అర్థమవుతోందా? 'పెంచుడి' అంటే ఏంటని మా అమ్మాయి అడిగింది. ఇప్పుడు అది ఇంగ్లీషులో చదువుతుంది, నేను తెలుగులో.

ఒంగోలు అమ్మ:
భాష కాదక్కా. ఇవాళ మేడ మీద బట్టలు తీస్తూ అడిగాను. "స్కూల్లో హిందూ అని రాయించారు, ఇంట్లో యేసయ్య అంటారు, అబద్ధమాడొద్దని వాక్యం ఒప్పజెప్పించేదీ మీరే, ఏది నిజమమ్మా?" అన్నాడు. చేతిలో బట్టలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మియాపూర్ బ్రదర్:
అక్కా, దాచకుండా చెప్పండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, మన దళిత క్రైస్తవులకి ఇవ్వలేదు. క్రైస్తవులమని రాస్తే బీసీ-సి, అంటే వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు, రిజర్వేషన్ ఒక్క శాతం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో మనల్ని పిలిచే పేరు మారలేదు, కాగితం మీద హక్కు మాత్రం పోయింది. మీరు అలా ఎందుకు రాయించారో, అప్పుడు ఎంత భయపడ్డారో వాడికి తెలియాలి. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, నాకు మాత్రం మొత్తం నాటకంలా అనిపించింది, నేను దూరమవడానికి దెబ్బల కంటే ఇదే పెద్ద కారణం.

రిటైర్డ్ టీచర్:
అమ్మా, ముందు వాడికి అన్నం పెట్టు. నా సర్టిఫికెట్టూ అలాంటిదే. నా పిల్లలు ఎప్పుడూ అడగలేదు, అడగనిచ్చేవాణ్ణి కాదు. అది నా తప్పు.

ఒంగోలు అమ్మ:
ఇవాళ ముందు భోజనాలు చేశాం. ఆయన బీరువాలోంచి సర్టిఫికెట్ల ఫైలు తీసుకొచ్చి వాడి ముందు పెట్టారు, తన కాలేజీ సీటు ఎలా వచ్చిందో చెప్పారు, చెప్తూ ఏడ్చారు. కీర్తన పాడలేదు. పది దాటింది, ఇద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.