ఫ్యాన్ బెల్టు విప్పేసి పావుమైలు కొట్టొచ్చా? (ఎయిర్‌కూల్డ్ బీటిల్)

కోడిపుంజు_1776:
బండి 1967 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. ఇంజను 1776 సీసీ (90.5 బోరు, 69 స్ట్రోకు), రెండు 44 ఐడీఎఫ్ వెబర్ కార్బురేటర్లు, కంప్రెషన్ 9.5, షిఫ్టింగ్ 6500 దగ్గర. పవర్ 120 చుట్టూ ఉంటుంది. డ్రైవరుతో కలిపి 800 కిలోలు. డ్రాగ్ రేసులో పావుమైలు 14.2, 14.3 సెకన్ల మధ్య తిరుగుతోంది. ట్రాక్ కాలిఫోర్నియాలో, రాత్రికి నాలుగు రన్‌లు పడతాయి. బెల్టు తీసేసి పరిగెత్తిస్తే ఫ్యాన్ లాగే పవర్ మిగులుతుందని కొందరు, ఒక్క రన్‌కే హెడ్లు (సిలిండర్ల మూతలు) పోతాయని కొందరు అంటున్నారు. కారణాలతో చెప్పండి. "మావాడు చేశాడు, ఏం కాలేదు" లాంటివి వద్దు.

ఎర్రదీపం:
వద్దు. బీటిల్‌లో ఫ్యాన్ జనరేటర్ షాఫ్టు చివరే ఉంటుంది. బెల్టు లేకపోతే ఛార్జింగూ లేదు, గాలీ లేదు. అందుకే స్పీడోమీటర్‌లో ఆ ఎర్ర లైటు వెలిగితే వెంటనే ఆపమని కంపెనీ వాళ్ల పుస్తకమే చెబుతుంది. మిగతా కార్లలో కొన్నిట్లో బ్యాటరీ గుర్తు వెలిగితే ఇంటిదాకా లాగించొచ్చు, ఇందులో ఆ వెసులుబాటు లేదు.

వేడెక్కితే ఏం పోతుందో కూడా చెప్తా. వాల్వు సీటు ఉక్కు, హెడ్డు అల్యూమినియం. డిగ్రీకి అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. బిగుతుగా దిగిన సీటు వేడికి పట్టు వదిలేస్తుంది, ఊడి పిస్టన్ మీద పడిందంటే ఆ సిలిండర్ పని అయిపోయినట్టే. హెడ్లని పట్టుకునే స్టడ్డులు మెగ్నీషియం కేసులోంచి దారాలతో సహా లాక్కొచ్చేస్తాయి. ప్లగ్గు రంధ్రానికీ ఎగ్జాస్ట్ సీటుకీ మధ్య పగులు సరేసరి. పైగా నీది 67 మోడల్. పాత ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు తొడుగు) అయితే ఆయిల్ కూలర్ ష్రౌడ్ లోపలే నిలబడి 3వ సిలిండర్‌కి వెళ్లే గాలికి అడ్డం. అది ఎప్పుడూ మిగతా మూడిటికంటే వేడి. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడే ఆ గతి.

పావుమైలు:
రోడ్డు మీద తోలడానికి ఎర్రదీపం గారు చెప్పింది అక్షరాలా నిజం. అడిగింది మాత్రం 14 సెకన్ల పని గురించి.

లాభం ఎంతో చూద్దాం. క్రాంక్ పుల్లీ ఒక చుట్టు తిరిగితే ఫ్యాన్ సుమారు 1.8 చుట్లు. ఇంజను 6500 కొడితే ఫ్యాన్ 11,700. ఫ్యాన్ లాగే పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 4000 దగ్గర 3 హార్స్‌పవర్ అనుకుంటే 6500 దగ్గర 13 అవుతుంది. రన్ అంతా 6500లో ఉండం కాబట్టి సగటున 6 వేసుకుందాం. 120కి 6 అంటే 5 శాతం. ఈ బరువుకి పావుమైలు సమయం పవర్ ఘనమూలానికి విలోమంగా మారుతుంది, 14.27 కాస్తా 14.04 దగ్గరికి వస్తుంది. సెకనులో దాదాపు పావు వంతు. నైట్రస్ లేకుండా, పానా ఒక్కటి తిప్పితే.

ఇంకోటి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఫ్యాన్ 1.8 రెట్లు తిరుగుతుంది కాబట్టి దాని జడత్వం క్రాంక్‌కి 3.2 రెట్లుగా తగులుతుంది. మొదటి గేరులో ఆర్‌పీఎం ఎక్కడంలో ఆ తేడా తెలుస్తుంది.

ఎర్రదీపం:
> 6500 దగ్గర 13 అవుతుంది

కాదు. ఘనం లెక్క ఫ్యాన్ గాలిని సరిగ్గా పట్టుకున్నంత వరకే. ఆ ష్రౌడ్ గుండ్రటి నోట్లోంచి అంత గాలి దూరదు, బ్లేడ్లు స్టాల్ అవుతాయి, గాలీ పెరగదు, పవరూ ఆ లెక్కన పెరగదు. 13 వచ్చే చోట 8 వచ్చినా గొప్పే. నీ పావు సెకను అందులో మూడో వంతు తగ్గించుకో.

పావుమైలు:
తగ్గించుకుంటా. 0.15 మిగిలినా డ్రాగ్‌లో అది దండిగానే లెక్క. పైగా స్టాల్ అవుతోందంటే అంత ఆర్‌పీఎంలో ఫ్యాన్ కూలింగ్ కూడా మీరు అనుకున్నంత రావట్లేదన్నట్టే కదా. స్టాక్ ఫ్యాన్ 12 వేలు దాటితే ముక్కలై ష్రౌడ్ చీల్చుకుని బయటికొచ్చే ప్రమాదం కూడా ఉంది, అందుకే రేసు ఇంజన్లకి వెల్డ్ చేసి బ్యాలెన్స్ చేసిన ఫ్యాన్ వేస్తారు. బెల్టు తీస్తే ఆ గొడవా ఉండదు.

ఆటోస్టాండ్:
మధ్యలో దూరుతున్నా. మన పాత బజాజ్ ఆటోకీ ఎయిర్‌కూల్డ్ ఇంజనే, ఫ్యాను ఫ్లైవీల్ మీదే, బెల్టే లేదు. బుల్లెట్‌కి అసలు ఫ్యానే లేదు. బీటిల్‌కి బెల్టు తీసేసి ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టేస్తే?

వేడిలెక్క:
ఆటోస్టాండ్ అన్నా, బుల్లెట్ సిలిండర్ గాలికి ఎదురుగా నిలబడి ఉంటుంది. బీటిల్ ఇంజను డిక్కీలో ముసుగేసుకుని కూర్చుంటుంది. ష్రౌడ్ తీసేసినా ఎదురుగాలి ఫిన్నులదాకా (వేడి వదిలే రెక్కలదాకా) రాదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ సంగతి: ఒరిజినల్ ఫ్యాన్ 4000 దగ్గర సెకనుకి అర ఘనమీటరుకి పైగా గాలిని, అదీ ఇరుకైన ఫిన్నుల్లోంచి నెడుతుంది. దానికి 2 కిలోవాట్లు వేసుకుంటే 12 వోల్టుల మీద 170 ఆంపియర్లు. రేడియేటర్ ఫ్యాన్లు దీని దరిదాపుల్లోకి రావు.

ఇక అసలు ప్రశ్న. రన్‌లో ఎంత వేడి చేరుతుందో మోటుగా లెక్కేద్దాం. 120 హార్స్‌పవర్ అంటే 90 కిలోవాట్లు. హెడ్లు, బ్యారెళ్ల (సిలిండర్ల) లోకి సగటున 70 కిలోవాట్లు దిగుతాయని ఎక్కువే వేసుకుందాం. 14 సెకన్లకి 980 కిలోజౌళ్లు. రెండు హెడ్లు కలిపి సుమారు 10 కిలోల అల్యూమినియం, నాలుగు బ్యారెళ్లు సుమారు 12 కిలోల పోత ఇనుము. ఇవి ఒక డిగ్రీ పెరగడానికి 9 + 5.5, అంటే దాదాపు 15 కిలోజౌళ్లు కావాలి. భాగిస్తే 65 డిగ్రీలు. గాలికి ఏమీ పోలేదనుకున్నా 90 దగ్గర బయల్దేరిన ఇంజను 155 దగ్గర ఆగుతుంది. సీటు ఊడే వేడి కాదు ఇది.

ఇప్పుడు స్టేజింగ్ లేన్ (రన్ కోసం నిలబడే లైను) చూడండి. ఈ ఇంజను ఐడిల్‌లో లోహంలోకి 4 కిలోవాట్లు వదిలినా 5 నిమిషాలకి 1200 కిలోజౌళ్లు. రన్ కంటే ఎక్కువ! రన్ అయ్యాక రిటర్న్ రోడ్డు మీద రెండో గేరులో గునగునా ఒకటిన్నర నిమిషం తిరిగొస్తే ఇంకో 900. హెడ్లు పోయేది పావుమైలులో కాదు. దానికి ముందు లైన్లో, దాని తర్వాత తిరుగు దారిలో.

ఎర్రదీపం:
లెక్క బాగుంది, కానీ సగటు లెక్క. వేడి హెడ్డులో, బ్యారెల్‌లో సమంగా పంచుకోదు. ఎక్కువ భాగం హెడ్డులోకే, అందులోనూ ఎగ్జాస్ట్ పోర్టు చుట్టూ. 980లో మూడింట రెండొంతులు హెడ్లకే వేయండి, 650 బై 9, అంటే 72 డిగ్రీలు. ఎగ్జాస్ట్ సీటు దగ్గర ఇంకా ఎక్కువ. బర్నవుట్ (బయల్దేరే ముందు టైర్లు తిప్పి వేడెక్కించడం) కలపనే లేదు మీరు.

వేడిలెక్క:
ఒప్పుకుంటా. 14 సెకన్లలో పోత అల్యూమినియంలో వేడి ఓ 3 సెంటీమీటర్లు పాకుతుంది, హెడ్డు మందం అంతకు మించి లేదు కాబట్టి మరీ ఒకే చోట పోగుబడదు. అయినా మీ 72 తీసుకుందాం, బర్నవుట్‌కి 20 కలుపుదాం. 90 నుంచి 180 దాటుతుంది. అదే 130 దగ్గర బయల్దేరితే 220. మొత్తం ఆట బయల్దేరే వేడి మీదే ఉంది.

పానా_21:
ఆ మాట మీద పద్ధతి రాస్తున్నా. చెయ్యాలా వద్దా అన్నది మీ ఇష్టం, చేస్తే మాత్రం ఇలా.

3వ సిలిండర్ ప్లగ్గు కింద థర్మోకపుల్ రింగు (హెడ్డు వేడి కొలిచేది) పెట్టండి, మీటరు డ్యాష్ మీద కనపడాలి. అది లేకుండా బెల్టు జోలికి పోవద్దు. ఆయిల్ టెంపరేచర్ మీటరు దీనికి పనికిరాదు, హెడ్డు మాడాక మెల్లిగా కదులుతుంది.

పిట్‌లో బెల్టుతోనే వేడి చెయ్యండి. ఆయిల్ 60, 70 వచ్చేదాకా. చల్లగా బయల్దేరితే మేలనుకోకండి: పిస్టన్ ముందు వేడెక్కి ఉబ్బుతుంది, బ్యారెల్ ఇంకా చల్లగా ఉంటుంది, స్కర్టు నాలుగు మూలలా గీరుకుంటుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్ అయితే మరీ.

తర్వాత ఇంజను ఆపి బెల్టు తీయడం. జనరేటర్ పుల్లీ ముందు సగానికి గాడి ఉంటుంది. అందులో స్క్రూడ్రైవర్ దూర్చి జనరేటర్ పై స్క్రూకి ఆనించి, 21 నంబరు పానాతో నట్టు విప్పండి. షిమ్‌లు (పుల్లీ సగాల మధ్య పలచటి వాషర్లు) రాలకుండా చెయ్యి కింద పెట్టుకోండి, టిన్ను సందులో పడితే ఆ రాత్రికి దొరకవు. బెల్టు పూర్తిగా బయటికి తీసెయ్యండి. క్రాంక్ పుల్లీకి వదులుగా వేలాడనిస్తే చుట్టుకుని ఏదో ఒకటి విరుస్తుంది. షిమ్‌లన్నీ తిరిగి వేసి నట్టు బిగించెయ్యండి.

లైన్లో ఇంజను ఆపి తోసుకుంటూ వెళ్లండి. ముందు రెండు బళ్లు ఉన్నాయనగా స్టార్ట్ చెయ్యండి. బర్నవుట్ టైరు తుడిచినంతే, పొగ కోసం కాదు. లైటు చెట్టు (స్టార్ట్ లైట్ల స్తంభం) దగ్గర మీటరు 120 దాటి ఉంటే ఆ రన్ వదిలెయ్యండి. రన్‌లో 200 దాటితే కాలు తీసెయ్యండి, 230 చూశారంటే ఆలస్యమైనట్టే.

గీత దాటగానే క్లచ్ నొక్కి ఇంజను ఆపండి, దొర్లినంత దూరం దొర్లనిచ్చి అక్కడి నుంచి తాడు కట్టి లాగించుకోండి. పిట్‌కి రాగానే ఆకులు ఊదే బ్లోయర్ తెచ్చి ష్రౌడ్ వెనక గుండ్రటి నోట్లో పెట్టండి. ఆగిన ఫ్యాన్ బ్లేడ్ల మధ్యనుంచి గాలి పోతుంది, కొంచెం అడ్డమే అయినా. 90 కిందికి దిగేదాకా ఊదుతూనే ఉండాలి. ఊదకపోతే ఆ ష్రౌడ్ దుప్పటి కప్పినట్టు వేడిని పట్టి ఉంచుతుంది.

ఇంటికి వెళ్లేముందు బెల్టు మళ్లీ వేసి, మధ్యలో బొటనవేలితో నొక్కితే 15 మిల్లీమీటర్లు దిగేలా షిమ్‌లు సర్దండి. లోపలి షిమ్‌లు తగ్గితే బెల్టు బిగుస్తుంది. ఎక్కువైనవి నట్టు కింద వెయ్యండి, పారెయ్యకండి.

ఎర్రదీపం:
మిత్రమా, ఈ తంతు అంతా చేసేవాడికి నేను అడ్డు చెప్పను. నాలుగో రన్‌కి బద్ధకమేసి ఇంజనుతోనే పిట్‌కి తోలుకొచ్చేవాడి గురించే నా బాధ.

ఇంకో ప్రశ్న. ఇది ఏ తరహా రేసు? ముందే ఇంత సమయం కొడతానని రాసిచ్చే బ్రాకెట్ రేసింగ్ అయితే 0.2 తగ్గడం వల్ల ఒరిగేది సున్నా. అక్కడ కావాల్సింది ప్రతి రన్ ఒకేలా ఉండటం. బెల్టు తీస్తే ప్రతి రన్‌కి హెడ్డు వేడి మారుతుంది, సమయం కూడా దానితో మారుతుంది.

పావుమైలు:
బ్రాకెట్ అయితే మీదే పైచెయ్యి, బెల్టు ఉండనివ్వాలి. హెడ్స్-అప్ క్లాసు (ముందు గీత దాటినవాడే గెలిచేది) అయితే తీయడమే. రూల్‌బుక్ కూడా చూసుకోవాలి, వీధి బండి క్లాసుల్లో కొన్నిచోట్ల ఫ్యానూ ఛార్జింగూ పనిచేయాలని అడుగుతారు.

ఇంధనం మాట. మెథనాల్ మీద నడిచే ఇంజన్లకి ఈ చర్చే పెద్దగా లేదు. ఆవిరయ్యేటప్పుడు కిలోకి పెట్రోలు కంటే మూడింతలు వేడి పీల్చుకుంటుంది, పైగా రెట్టింపు పోయాలి. వాళ్లని చూసి పెట్రోలు బండికి బెల్టు తీస్తే లెక్క తప్పుతుంది. పెట్రోలు మీద 9.5 కంప్రెషన్‌తో నాకింగ్ (ఇంధనం తనంతట తానే పేలడం) మొదలైతే ఆ 65 డిగ్రీల లెక్క చెత్తబుట్టలోకే. జెట్లు కొంచెం రిచ్ (పెట్రోలు ఎక్కువ) వైపు ఉంచు, ఇగ్నిషన్ టైమింగ్ 2 డిగ్రీలు వెనక్కి తీసి మొదటి రన్ చెయ్యి.

రెవ్ లిమిటర్ ఉందా? ఫ్యాన్ బరువు లేని ఇంజను గేరు తప్పితే చిటికెలో 8000 దాటుతుంది.

కోడిపుంజు_1776:
లిమిటర్ 6800కి పెట్టి ఉంది. రేసు బ్రాకెట్ కాదు, టెస్ట్ రాత్రులు, తర్వాత హెడ్స్-అప్. ష్రౌడ్ 71 తర్వాతి డాగ్‌హౌస్ రకమే, కూలర్ వెనక్కి జరిగినది. రెండు సందేహాలు: బ్యాటరీ ఎంతది కావాలి? క్రోమోలీ పుష్‌రాడ్లు ఉన్నాయి, వాల్వు సందు మార్చాలా?

పానా_21:
పుష్‌రాడ్ సంగతి ముందు. క్రోమోలీకి చల్లగా ఉన్నప్పుడు సందు సున్నా, వేలితో తిరగాలి, ఆట ఉండకూడదు. హెడ్డూ బ్యారెలూ వేడికి పొడుగవుతాయి, ఉక్కు రాడ్డు అంతగా పెరగదు, సందు దానంతటదే వస్తుంది. బెల్టు లేకుండా ఇంకా వేడెక్కితే సందు ఇంకా పెరుగుతుంది. టకటక శబ్దం వస్తుంది, లిఫ్టు కాస్త పోతుంది, వాల్వు మాత్రం కాలదు. వేడిగా ఉన్నప్పుడు ఆ శబ్దం విని బిగించావో, చల్లారాక వాల్వులు మూసుకోవు. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున చూసుకో.

వేడిలెక్క:
బ్యాటరీ: కాయిల్ 4, ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు 5, మిగతావి కలిపి 12 ఆంపియర్లు వేసుకో. రన్‌కి ఇంజను నడిచేది 5 నిమిషాలు, అంటే 1 ఆంపియర్-అవర్. 40ది చాలు. తినేది స్టార్టర్, అదీ వేడి ఇంజనుకి. వోల్టేజీ పడితే పంపు నెమ్మదించి మూడో గేరు చివర లీన్ (పెట్రోలు తక్కువ) అవుతుంది, అక్కడే హెడ్డు అన్నిటికంటే వేడిగా ఉంటుంది. రన్‌కీ రన్‌కీ మధ్య ఛార్జర్ తగిలించు, బ్యాటరీ 12.4 కంటే తక్కువుంటే లైన్లోకి వెళ్లకు.

ఆయిల్ పంపు గురించి ఎవరూ అడగలేదు కానీ, అది క్యామ్‌షాఫ్టు మీద తిరుగుతుంది, బెల్టుతో సంబంధం లేదు. ప్రెషర్ లైటు వెలిగితే అది వేరే జబ్బు.

ఎర్రదీపం:
మొదటి రన్ మీటరు అంకెలు ఇక్కడ పెట్టు. చెట్టు దగ్గర ఎంత, గీత దగ్గర ఎంత, ఆపిన రెండు నిమిషాలకి ఎంత. మూడోది మర్చిపోకు.