కౌన్సెలింగ్‌కు ముందే మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్సు కట్టమంటున్నారు, ఆగవచ్చా?

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక తండ్రి):
మా అమ్మాయికి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష తెలంగాణ ఎప్‌సెట్‌లో 31 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. ఫలితాలు వెలువడిన సాయంత్రం నుంచే కన్సల్టెన్సీల ఫోన్లు మొదలయ్యాయి. మా నంబరు వారికెలా చేరిందో ఇప్పటికీ అర్థం కావడం లేదు. హైదరాబాద్ శివార్లలోని ఒక కళాశాలలో కంప్యూటర్ సైన్స్ సీటుకు రెండు రోజుల్లో లక్ష రూపాయలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాలని, కౌన్సెలింగ్ మొదలైతే ధర రెట్టింపవుతుందని ఒక ఏజెంటు చెబుతున్నాడు. మా బావమరిది తన కొడుక్కి ఇలాగే తీసుకున్నాడు కనుక ఇంట్లో అందరూ కట్టేయమంటున్నారు. ఆగితే నష్టపోతామా?

జవాబు 1 (ఇంజనీరింగ్ అధ్యాపకుడు):
ప్రైవేటు కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్ ద్వారా, భర్తీ అవుతాయి. ఏజెంట్లు అమ్మేది మిగిలిన 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలోనివే. నిర్ణయించిన ఫీజుకు మించి తీసుకునేదంతా క్యాపిటేషన్ ఫీజే కాగా, దాన్ని ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే చట్టం చేసి నిషేధించారు. డొనేషన్‌కు రసీదు ఇవ్వకపోవడానికి కారణం అదే. ధర పెరుగుతుందన్న మాట ఏటా వింటున్నదే. పేరున్న కొద్ది కళాశాలల సంగతి వేరు గానీ, మిగతా చోట్ల కౌన్సెలింగ్ ముగిశాక అదే సీటుకు బేరం దిగిరావడం నేను చూశాను.

జవాబు 2 (గత ఏడాది చేయి కాల్చుకున్నవాణ్ణి):
అయ్యా, డబ్బు కన్నా ముందు సర్టిఫికెట్ల గురించి ఆలోచించండి. మేము ఒరిజినల్స్ ఇచ్చేశాక మావాడికి కన్వీనర్ కోటాలోనే మంచి సీటు వచ్చింది, కానీ వాటిని వెనక్కి తెచ్చుకోవడానికి ఆ కార్యాలయం చుట్టూ మూడు వారాలు తిరిగాను. ఒరిజినల్స్‌ను అట్టిపెట్టుకోరాదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లోనే స్పష్టంగా చెప్పిందని నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే కనీసం రాతపూర్వకంగా అడిగేవాణ్ణి. ఇచ్చిన 60 వేలకు కాగితం లేదు కనుక అవి రాలేదు.

జవాబు 3 (కౌన్సెలింగ్ సహాయ కేంద్రంలో పనిచేసినవారు):
కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో నిరుటి చివరి ర్యాంకుల జాబితా ఉంటుంది. మీ కేటగిరీలో అమ్మాయిల గడిని ప్రత్యేకంగా చూడండి, చాలా చోట్ల అబ్బాయిల ర్యాంకుకూ దానికీ తేడా ఉంటుంది. ఆప్షన్లను (కోరుకునే కళాశాల, బ్రాంచి) వస్తుందా రాదా అన్న లెక్కతో కాక ఇష్టం ఉన్న వరుసలోనే, ఎన్ని వీలైతే అన్ని పెట్టండి. రెండో విడతలో మాత్రం చేతిలో ఉన్న సీటు కన్నా మెరుగైనవే పెట్టాలి, ఎందుకంటే కొత్తది కేటాయించగానే పాతది దానంతటదే రద్దవుతుంది. ఏటా ఈ ఒక్క పొరపాటుతో ఏడ్చేవాళ్లను చూశాను.

ప్రశ్నించినవారు:
జాబితా చూశాను. అమ్మాయి అడుగుతున్న ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) మా జిల్లాలోనే రెండు కళాశాలల్లో అందేలా ఉంది. సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) కావాలన్నది మా పట్టుదలే తప్ప తనది కాదని రాత్రి అడిగితే గానీ తెలియలేదు. రసీదు ఇస్తేనే వస్తామని ఏజెంటుకు చెప్పాను.