చారిత్రక సాహస నవలలో పదిహేనేళ్ల నాయిక: ఆమె ధైర్యాన్ని నమ్మించడం ఎలా?

ప్రశ్న:

పదమూడు నుంచి పదిహేడేళ్ల లోపు పాఠకుల కోసం ఒక చారిత్రక సాహస నవల రాస్తున్నాను. కథాకాలం 18వ శతాబ్దం, కథ చాలావరకు ఒక ఫ్రెంచి ఓడ మీదే నడుస్తుంది. పదిహేనేళ్ల నాయిక మగపిల్లవాడి వేషంలో ఓడ ఎక్కి, దారిలో ఎదురైన ప్రతి అధికారితోనూ వాదించి గెలుస్తుంది. చిత్తుప్రతి చదివిన మిత్రులలో ఒకరు ఆ కాలంలో ఇలాంటిది జరిగే వీలే లేదన్నారు. మరొకరు ఈ అమ్మాయి నేటి కళాశాల నుంచి నేరుగా ఓడలోకి దిగినట్టుందన్నారు. మొదటి ఆక్షేపణకు చరిత్ర ఏం చెబుతుంది? రెండోదాన్ని ఎలా సరిదిద్దుకోవాలి? ఆమె ధైర్యాన్ని తగ్గించి రాయడం మాత్రం నాకు ఇష్టం లేదు.

సమాధానం 1:

మొదటి మిత్రుని సందేహానికి ఝాన్ బారే జీవితమే జవాబు. ఫ్రెంచి నౌకాదళ ఓడలలో స్త్రీలకు ప్రవేశం నిషిద్ధమైన కాలంలో, 1767లో ఆమె మగ దుస్తులు ధరించి, ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిబెర్ కొమెర్సన్ సహాయకుడిగా ఎతువాల్ అనే ఓడలో బయలుదేరింది. అది బూగన్‌విల్ నాయకత్వంలో సాగిన ప్రపంచయాత్రలోని సామగ్రి ఓడ. (మన పెరళ్లలో పూసే బోగన్‌విలియా పేరు ఈయనదే, ఆ మొక్కను కొమెర్సన్ ఈ యాత్రలోనే రియో డి జనీరోలో సేకరించాడు.) 1768 ఏప్రిల్‌లో పసిఫిక్ ద్వీపమైన తహితీ చేరాక అక్కడివారు ఆమెను స్త్రీగా పోల్చుకున్నారని బూగన్‌విల్ రాశాడు. తరువాత ఆమె, కొమెర్సన్ మారిషస్‌లో దిగిపోయారు. అతడు 1773లో మరణించగా, ఆమె మరుసటి ఏడాది ఒక సైనికుడిని వివాహమాడి ఫ్రాన్సుకు తిరిగివచ్చి, మనకు తెలిసినంతలో భూమిని చుట్టివచ్చిన తొలి స్త్రీ అయింది. ఒకప్పుడు ఆమె ఉనికినే నిషేధించిన ప్రభుత్వం 1785లో ఆమెకు ఏడాదికి 200 లీవ్రల (నాటి ఫ్రెంచి ద్రవ్యం) భరణం మంజూరు చేసింది.

నవలాకారులకు ఇందులో అన్నిటికంటే పనికివచ్చేది, నా దృష్టిలో, ఒక గది. కొమెర్సన్ వెంట తెచ్చిన పరికరాలు చాలా ఎక్కువ కావడంతో ఓడ కెప్టెన్ తన పెద్ద గదిని అతడికి వదిలిపెట్టాడు. నావికుల మధ్య పడుకోవలసిన అవసరం లేకపోవడం వల్లనే ఆ రహస్యం అన్ని నెలలు నిలవగలిగింది. మీ నాయిక ఎక్కడ నిద్రపోతుంది, ఎక్కడ స్నానం చేస్తుంది, నెలసరి రోజుల్లో ఏం చేస్తుంది? ఈ ప్రశ్నలు మీ పాఠకురాళ్లకు కత్తియుద్ధం కన్నా ముందే తోస్తాయి.

సమాధానం 2:

పై సమాచారంతో నాకు పేచీ లేదు గాని, మీ రెండో మిత్రుడు పట్టుకున్న లోపం వేషంలో లేదు, వాదనల్లో ఉంది. ఆనాటి ఓడలో అధికారికి ఎదురు చెప్పిన కుర్రవాడికి కొరడాదెబ్బలు తప్పవు. ఆ శిక్ష భయం లేకుండా మీ నాయిక ప్రతిసారీ మాట్లాడి నెగ్గితే పాఠకులకు ఆమె ధైర్యం కనిపించదు, రచయిత అండ మాత్రమే కనిపిస్తుంది. రహస్యం బయటపడినప్పుడు బారే ఏం చేసిందో చూడండి. తాను అనాథనని, వ్యాజ్యంలో ఓడి దిక్కులేక ఈ వేషం వేశానని, యజమానిని కూడా మోసగించానని ఆమె చెప్పినట్టు బూగన్‌విల్ నమోదు చేశాడు. ఆ మాటలతో నేరమంతా తన మీద వేసుకుని కొమెర్సన్‌ను కాపాడింది. నేను గనుక ఈ నవల రాస్తే నాయిక వాదించిన ప్రతిచోటా ఆమె చేత ఇలాంటి కథ ఒకటి అల్లించేవాణ్ణి.

అసలు వేషం లేకుండానే సాహసం సాధ్యమని కూడా గుర్తుంచుకోండి. కీటకాలను అధ్యయనం చేసిన చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్ 1699లో, యాభై దాటిన వయసులో, చిన్నకూతురు డొరొతియాను వెంటబెట్టుకుని కీటకాల జీవితచక్రాన్ని చిత్రించడానికి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లి, జబ్బుపడి 1701లో తిరిగివచ్చింది. అక్కడ కథ చెప్పవలసింది తల్లి కాదు, ఆ కూతురని నాకు అనిపిస్తుంది.

సమాధానం 3:

పురుషవేషమంటే ఎప్పుడూ దాగుడుమూతలే కానక్కరలేదు. రుద్రమదేవిని శాసనాలు రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి. ఆమె స్త్రీ అని తెలిసినవారే ఆ పేరుతో ఆమె ఆజ్ఞలను పాటించారు. ఆమె మరణాన్ని తెలిపే 1289 నాటి చందుపట్ల శాసనం ఆ మరణం ఎలా సంభవించిందో వివరించదు. ఇలాంటి ఖాళీలలోనే చారిత్రక నవలకు చోటు దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు:

మూడు సమాధానాలకూ కృతజ్ఞతలు. వాదనలలో ఒకటి మాత్రమే ఉంచి, దానికి శిక్ష కూడా పడేలా మారుస్తాను. అయితే ఈ వయసువారికి కొరడా శిక్షను ఎంతవరకు చూపించవచ్చు? అలాగే ఏది చరిత్ర, ఏది కల్పన అన్నది పుస్తకంలో చెప్పాలా?

సమాధానం 2 రాసినవారు:

శిక్షను దాచవద్దు, కాని దెబ్బల వర్ణనలో ఆలస్యం చేయవద్దు. ఆ తరువాతి వారమంతా ఆమె బరువులు ఎలా మోసింది, గాయాలకు మందు రాస్తామని వైద్యుడు చొక్కా విప్పమంటే ఎలా తప్పించుకుంది అన్నవి రాయండి; ఉత్కంఠ అక్కడే ఉంది, పైగా అది మీ కథాంశం నుంచే పుడుతుంది.

ఇక చరిత్ర, కల్పనల సంగతి తప్పకుండా చెప్పండి. ఈ వయసు పాఠకులు పుస్తకం మూసిన వెంటనే ఇది నిజంగా జరిగిందా అని వెతుకుతారు. రెండు మూడు పేజీల రచయిత మాటలో, బారే ఓడ, నిషేధం, గది నిజమని, ఫలానా పాత్రలు కల్పితమని సూటిగా రాస్తే చాలు. దాన్ని పుస్తకం చివర పెట్టండి, ముందు పెడితే రహస్యం బయటపడే ఘట్టం చప్పబడిపోతుంది.