ఎండాకాలంలో పిల్లలతో పక్షుల పార్కు: ఎన్నింటికి వెళ్తే మేలు?

ప్రశ్న:
ఆదివారం ఇంటిల్లిపాదీ పక్షుల పార్కుకి వెళ్దామనుకుంటున్నాం. పెద్దాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి నాలుగు. పోయినసారి మిట్టమధ్యాహ్నం వెళ్లి దెబ్బతిన్నాం. పక్షులన్నీ నీడన నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. "అమ్మా, వీటికి జ్వరమా?" అని చిన్నది ఒకటే ఏడుపు. ఈసారి ఎన్నింటికి వెళ్లమంటారు?

జవాబు 1:
జ్వరం కాదండీ. పక్షులకి చెమట గ్రంథులుండవు. నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లో వేడి తగ్గించుకుంటాయి. గేటు తీసే వేళకే వెళ్లిపోండి, పొద్దున్నే అయితే హుషారుగా అరుస్తూ తిరుగుతుంటాయి. ఎండెక్కితే మీరూ రొప్పాల్సిందే.

జవాబు 2:
వల లోపలికి నడిచి వెళ్లే చోటుంటే చిన్నదాని మెరిసే క్లిప్పులు ముందే తీసేయండి. నా చొక్కా గుండీ ఒకటి చిలక నోట్లోకి అలాగే పోయింది (కొత్త చొక్కా!). బ్రెడ్డు ముక్కలు వేయనివ్వకండి, వాటికి మంచిది కాదు. పెద్దాడికి గుడ్లగూబ దగ్గర ఓ పని చెప్పండి. అది కళ్లు అటూ ఇటూ తిప్పుతుందేమో చూడమనండి. తిప్పలేదు! అందుకే మెడనే 270 డిగ్రీల దాకా తిప్పుతుంది. మావాడు అక్కణ్నుంచి అరగంటైనా కదల్లేదు.

అడిగినవారు:
థాంక్సండీ, టెన్షన్ తగ్గింది. ఫ్లెమింగోలకి ఆ గులాబీ రంగు ఎవరు వేశారని చిన్నది ఇప్పట్నుంచే అడుగుతోంది.

జవాబు 1:
తిండే వేసింది. అవి తినే నాచులో, చిన్న రొయ్యల్లో ఉండే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్ల వచ్చే రంగది. వాటి పిల్లలు మాత్రం బూడిద రంగులోనే ఉంటాయి, వెతకమనండి.